రబ్బాన్ ఒడిలో పుస్తకం

"ముగిసిందా, అమ్మాయీ?"

పొద్దుటి ప్రార్థన అయి, భోజనాల గదిలో రొట్టె విరిచేలోగా రబ్బాన్ సోబో ఈ ప్రశ్న అడిగి తీరాల్సిందే. షమూని "ఇంకా లేదు రబ్బాన్" అనేది. ఆయన తల ఊపి, వేళ్ళు లేని కుడి అరచేత్తో టీ గ్లాసును దగ్గరికి జరుపుకుని ఎడమ చేత్తో ఎత్తి తాగేవాడు. షమూని పని మొదలైన నాటినుంచి మోర్ నహీరో మఠంలో పొద్దు అలాగే పొడుస్తోంది.

రబ్బాన్ అంటే సన్యాసి. ఒకప్పుడు ఆ కొండమీద గంపెడుమంది సన్యాసులు ఉండేవారట. చుట్టూ ఊళ్ళు ఖాళీ అవుతూ వచ్చాయి, మఠమూ ఖాళీ అవుతూ వచ్చింది. కొందరు దూరదేశాలు పోయారు, కొందరు నేలమాళిగలోకి పోయారు. చివరికి మిగిలింది సోబో ఒక్కడు. ఆయనకు తోడు, వంటా ప్రార్థనా రెండూ చూసుకునే సన్యాసిని హెలానే. గేటు కాపలా నుంచి గోడ మరమ్మతు దాకా అన్నీ తానే చేసే తాపీమేస్త్రీ షాబో. ఆదివారం పూజకు కింది ఊరి గురువు గౌరియే వస్తాడు. ఆయన్ని అందరూ అబూనా అంటారు. షమూని ఈ కొండ మనిషి కాదు, మిద్యాత్ పట్నం పిల్ల. పిల్ల అంటే పిల్లేం కాదు, నలభై దాటింది. సిరియాక్ అనే పాత భాషలోని రాతప్రతుల మీద పెద్ద చదువు చదివి, కెమెరా, దీపాలు, ల్యాప్‌టాప్ వేసుకుని వచ్చి మఠంలో దిగింది. హెలానే ఆమెను పంతులమ్మ అని పిలిచేది. అందులో గౌరవం ఎంతో ఎకసెక్కమూ అంతే.

ఆమె వచ్చింది ఒక్క పుస్తకం కోసం. పన్నెండు వందల ఏళ్ళ కిందట ఇదే మఠంలో, ఇవే గదుల్లో కూర్చుని ఎవరో తోలు ఆకుల మీద రాసిన సువార్త అది. అంచులు ఎలుకలు కొరికాయి. పుటల మీద కొవ్వొత్తి చుక్కలు గట్టిపడి ఉన్నాయి. మొదటి బొమ్మలోని పుణ్యపురుషుడికి ముఖం లేదు; తరతరాల భక్తులు ముద్దులు పెట్టి పెట్టి అరగదీశారు. ప్రేమ కూడా ఒక హద్దులో ఉండాలి మరి. సిరా పెచ్చులు లేస్తోంది, ఇంకో తరం నిలిచేలా లేదు. విదేశంలో ఒక గ్రంథాలయం ఆ పుస్తకంలో ప్రతి పుటనూ ఫొటో తీయించి భద్రపరుస్తామని ముందుకొస్తే, ఆ పని షమూని నెత్తిన వేసుకుంది.

మొదటి చలికాలం రబ్బాన్ సోబో ఆమెను పుస్తకం ముట్టనివ్వలేదు. పొమ్మనలేదు, రమ్మనలేదు. రోజూ పుస్తకం తెచ్చి తన ముందు పెట్టుకుని, కెమెరా వంక పోలీసువాణ్ణి చూసినట్టు చూసేవాడు. ఆయన గోడు ఆమెకు హెలానే ద్వారా తెలిసింది.

ఆ మఠానికి ఒక పద్ధతి ఉంది. పుస్తకం శిథిలమైతే దానికి నకలు రాస్తారు. రాయడం అయ్యాక, రాసినవాణ్ణి ముగిసిందా అని మూడుసార్లు అడుగుతారు. మూడుసార్లూ అతను 'ష్లెమ్' అనాలి. వాళ్ళ పాత భాషలో ముగిసింది అని. అప్పటితో పాత పుస్తకానికి విశ్రాంతి. దాన్ని తగలబెట్టరు, పారేయరు. ఆ తరవాత ఏ సన్యాసి పోతే ఆయన ఒడిలో పెట్టి సాగనంపుతారు. అక్కడ సన్యాసులను పడుకోబెట్టి పూడ్చరు. నేలమాళిగలో తూర్పుముఖంగా కుర్చీలో కూర్చోబెట్టి గోడ కట్టేస్తారు. మళ్ళీ ఇంకో సన్యాసి పోయినప్పుడే ఆ గోడ తీసేది.

సోబో గురువు బర్సౌమో చనిపోతూ శిష్యుడి చేతిలో ఈ సువార్త పెట్టాడు. దీనికి నకలు రాసి దీన్ని నిద్రపుచ్చు అన్నాడు. సోబో మాటిచ్చాడు. ఆ ఏడే సైన్యంలోకి పట్టుకుపోయారు. తూర్పు సరిహద్దు మంచులో కుడిచేతి వేళ్ళు పోగొట్టుకుని తిరిగొచ్చాడు. ఎడమచేత్తో రాయబోతే కోడి గీకినట్టు వచ్చింది. ఆ కాగితాలు చింపేసి ఇక ప్రయత్నించలేదు. అప్పటినుంచి ఎవరు కదిలించినా ఆయన చెప్పేది ఒకటే, కింద మా గురువు ఒట్టి ఒడితో కూర్చున్నాడు అని.

ఇది విన్నాక షమూనికి తాళంచెవి దొరికినట్టయింది. ఆయన ఎదురుగా కూర్చుని, మీ వేళ్ళు పోతేనేం, ఇదుగో ఇదే మీ కలం అనుకోండి అని కెమెరా చూపించింది. నకలంటే ఇంకేమిటి, ఒక్క పొల్లు తప్పకుండా ఇంకోచోట నిలబెట్టడమే కదా అంది. రోజుల తరబడి వాదించింది. చదువుకున్నది కదా, వాదించడం వచ్చు. ముసలాయన కూడా తక్కువవాడు కాదు.

"మా కలం సిరా తాగేది. నీ కలం కరెంటు తాగుతోంది. సరే, తాగనీ. తప్పులు చేస్తుందా?"

"చెయ్యదు రబ్బాన్."

"మరి ఎట్లాగమ్మా? ప్రతి లేఖకుడూ ఎక్కడో తప్పు రాస్తాడు. చివర్లో తప్పైంది, క్షమించండి అని వేడుకుంటాడు. నీ కలం తరఫున ఆ మాట ఎవరు చెప్తారు?"

ఆమె నవ్వి, నేను చెప్తాలెండి అంది. ఆయనా నవ్వాడు. మర్నాడు పుస్తకం తెచ్చి మెత్తటి తొట్టెలాంటి పీట మీద తానే పెట్టాడు. అలా షమూని ఆ వాదన గెలిచింది. గెలవకపోయినా బాగుండేదని తరవాత ఎన్నిసార్లు అనుకుందో.

రెండో చలికాలమంతా పని సాగింది. ఆమె ఒకవైపు, ముసలాయన ఎదురువైపు. ఆయనకు పుస్తకం తలకిందులుగా ఉన్నా ఇబ్బంది లేదు. ఆ కొండల్లో పాతకాలం పిల్లలు ఒకే పుస్తకం చుట్టూ నిలబడి చదువు నేర్చుకున్నారు. ఎదురుగా నిలబడ్డవాడికి అక్షరం తలకిందులుగానే ఒంటబట్టేది. సోబో బర్సౌమోకు ఎదురుగా నిలబడ్డ పిల్లవాడు. తిన్నగా పెడితే ఇప్పటికీ తడబడేవాడు. ఆమె పుట తిప్పి ఎముక పుల్లతో అంచు అదిమిపట్టేది, ఫొటో తీసేది. ఆయన తన వైపు నుంచి ఆ పుట చదివి, ఊఁ, తిప్పు అనేవాడు. కరెంటు పోతే ఇద్దరూ పొయ్యి దగ్గర ఎండుద్రాక్ష నములుతూ కూర్చునేవాళ్ళు. పెళ్ళెందుకు చేసుకోలేదని ఆయన అడిగేవాడు. మీరెందుకు చేసుకోలేదని ఆమె అడిగేది.

క్రిస్మస్ నాటికి పుటలన్నీ అయిపోయాయి. అయినా ఆమె "ఇంకా లేదు రబ్బాన్" అనే అంటూ వచ్చింది. ఎందుకో ఆయనకు చెప్పలేదు.

పుస్తకం చివర్లో కొన్ని ఆకులు ఇంకో పాత పుస్తకం నుంచి తీసుకున్నవి. తోలుకు కరువొచ్చిన కాలంలో ఎవరో పాత రాతను గీకేసి, ఆకును తలకిందులు చేసి, పైన సువార్త రాసుకున్నారు. మామూలుగా చూస్తే ఏమీ కనపడదు. ఒక సాయంత్రం కిటికీలోంచి ఏటవాలు ఎండ పడ్డప్పుడు షమూనికి పై అక్షరాల కింద ఇంకేవో అక్షరాలు, పాత గుడ్డ మీద మాసిన మరకలా, లీలగా కనిపించాయి. మెడ విరిగేలా వంగి వంగి చూసి ఒక్క వరస చదవగలిగింది. 'పాపిని నేను రాశాను', ఆ తరవాత ఒక పేరు, ఆ తరవాత 'కూతురిని', ఆ తరవాత 'చదివేవారు నా పేరున ఒక ప్రార్థన చేయండి'. పేరు ఉన్నచోట మాత్రం ఎండ కూడా ఏమీ చెప్పలేదు.

కూతురిని. ఆ కొండల్లో అంత పాతరోజుల్లో ఒక ఆడమనిషి పుస్తకం రాసిందని ఎవరికీ తెలియదు. తెలియదంటే, ఉండరనే అందరూ రాశారు. షమూనిని చదువుకునే రోజుల్లో ఒక పెద్దాయన, మఠాల్లో ఆడవాళ్ళు నూలు వడికారమ్మా, అక్షరాలు కాదు అని నలుగురిలో నవ్వించిన మాట ఆమె ఇంకా మరిచిపోలేదు. కానీ ఆ పెద్దాయన మీద గెలవాలన్న పంతం ఒక్కటే కాదు. పన్నెండు వందల ఏళ్ళకు పైగా ఒక మనిషి నా పేరున ఒక ప్రార్థన చేయండి అని అడుగుతూ ఉంది, పేరు గీకేసినందువల్ల ఎవరూ చేయలేకపోయారు. అది తలచుకుంటే షమూనికి అన్నం సయించేది కాదు. ఆ పేరు చదవాలి. అంతకంటే ఆమెకు జీవితంలో వేరే కోరిక లేకుండా పోయింది.

దానికి అతినీలలోహిత దీపం కావాలి. అది ఈస్టర్ తరవాత పంపుతామని గ్రంథాలయంవాళ్ళు రాశారు. ఈ సంగతి రబ్బాన్‌కు చెప్పడానికి ఆమెకు భయం వేసింది. మామూలు దీపానికే ఒక చలికాలం బతిమాలించుకున్న మనిషి. సువార్త అడుగున ఇంకో రాత ఉంది, దాన్ని పైకి లేపే వెలుగు వేస్తాను అంటే, దేవుడి వాక్యాన్ని తవ్వుతావా అని పుస్తకం ఎత్తి బీరువాలో పెట్టేస్తాడేమో. దీపం వచ్చాక నెమ్మదిగా చెప్పొచ్చులే అనుకుంది. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. ఆమె అడగలేదు.

ఈస్టర్ ఉపవాస దినాలకు ముందు కొండమీద మంచు ముంచుకొచ్చింది. రబ్బాన్ సోబో దగ్గు పట్టి మంచమెక్కాడు. కింది నుంచి డాక్టరు రాలేని రోజులు. అబూనా గౌరియే మాత్రం మోకాలిలోతు మంచులో నడిచి వచ్చి తైలం పూసి ప్రార్థన చేశాడు. గదిలో ఆయన, కాళ్ళదగ్గర హెలానే, తలుపు దగ్గర షాబో, మంచం పక్కన షమూని. ముసలాయన ఎవరి వంకా చూడకుండా ఆమె వంకే చూశాడు.

"షమూనీ, ముగిసిందా?"

అమ్మాయీ అనలేదు, పేరు పెట్టి పిలిచాడు. ఇన్నేళ్ళ మాట నెరవేరిందని వినకుండా ఈ మనిషి పోతాడా? పై పుటలన్నీ అయ్యాయి కదా, అబద్ధమెలా అవుతుంది? సగం నిజం పూర్తి అబద్ధం కంటే పెద్ద మోసమని ఆ క్షణంలో ఎవరికి తడుతుంది.

"ముగిసింది రబ్బాన్" అంది.

ఆయన కళ్ళు ఆమె ముఖం మీదే ఉన్నాయి. మళ్ళీ అడిగాడు, ఈసారి పాత భాషలో. ఆమె ష్లెమ్ అంది. మూడోసారి అడగడానికి ఆయన చాలాసేపు తీసుకున్నాడు. ఊపిరి అందక అనుకుంది ఆమె. చెయ్యి పట్టుకుని, ముఖం మీద నవ్వు తెచ్చుకుని మరీ ష్లెమ్ అంది.

"సరే తల్లీ" అని ఆయన కళ్ళు మూసుకున్నాడు.

ఆమె ఎదురుచూసిన సంతోషం ఆ ముఖంలో కనిపించలేదు. జ్వరం కదా అని సరిపెట్టుకుంది. పోయే మనిషికి ఒక మంచిమాట ఇచ్చానన్న తృప్తితో గదికి పోయి పడుకుంది. ఆ పద్ధతి ఆమెకు తెలియనిదా? దాని మీద ఒక వ్యాసమే రాసింది. కానీ తాను వ్యాసంలో రాసిన పద్ధతి తన మెడకే చుట్టుకుంటుందని ఎవరూ అనుకోరు. పెదవి దాటితే పృథివి దాటుతుందన్న సామెత కూడా అందరికీ తెలిసిందే.

మర్నాడు తెల్లవారుతుండగా ఆయన పోయాడు. గంట మోగింది. షమూని లేచి, ఏడ్చి, ముఖం కడుక్కుని, ఎందుకో కెమెరా గదిలోకి పోయింది. మెత్తటి పీట ఖాళీగా ఉంది. పుస్తకం లేదు.

గుడిలోకి పరుగెత్తింది. రబ్బాన్ సోబోను కుర్చీలో కూర్చోబెట్టారు. పూజ వస్త్రాలు తొడిగి, వాలిపోకుండా నడుముకు పట్టీ వేసి వీపుపలకకు కట్టారు. ఒడిలో సువార్త. దాని మీద వేళ్ళు లేని చెయ్యి.

అప్పటికే ఆయన చెల్లెలు బహీజే మిద్యాత్ నుంచి ట్రాక్టర్ మీద వచ్చి దిగింది. కుర్చీ పాదాల దగ్గర కూలబడి, మాట చెల్లించుకున్నావురా అన్నా, మీ గురువు దగ్గరికి నిండు ఒడితో పోతున్నావురా అని ఏడుస్తోంది. నిన్న పొద్దుపోకముందే హెలానే ఫోన్ చేసి చెప్పిందట, నకలు ముగిసిందట అని. ఊళ్ళలో మిగిలిన నాలుగు గడపల వాళ్ళూ వచ్చారు. వచ్చిన ప్రతివాళ్ళూ షమూని చెయ్యి పట్టుకుని, నీ చేతులు చల్లగుండ, ఆయన్ని గట్టెక్కించావు అన్నారు. ఆ ఏడుపు ముందు, ఆ దీవెనల ముందు నిలబడి, లేదండీ, నేను అబద్ధం చెప్పాను, పుస్తకం తీసి ఇవ్వండి అని ఎట్లా అంటుంది? ఎవరైనా ఎట్లా అంటారు?

నేలమాళిగలో చలి పళ్ళు కొరికిస్తోంది. రబ్బాన్‌ను కుర్చీతో సహా దించి, బర్సౌమో పక్కన కూర్చోబెట్టారు. షాబో గోడ కట్టడం మొదలుపెట్టాడు. ఆ రోజు అతని చేతికి ఏమైందో, ఒక రాయి పెట్టి రెండుసార్లు తీశాడు. సున్నం గడ్డకడుతోందని పైకి వెళ్ళి వేడినీళ్ళు తెచ్చాడు, అవి చాలవని మళ్ళీ వెళ్ళాడు. అబూనా పాడిన కీర్తనే మళ్ళీ పాడాడు. మధ్యమధ్య ఇద్దరూ షమూని వంక చూసేవారు. ఆమె తల దించుకునేది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ చూపుల్లో ఆమెకు ఒక్కటే అర్థం కనిపించింది: నోరెత్తకు, చచ్చినవాణ్ణి అల్లరి చెయ్యకు.

గోడ నడుము ఎత్తుకు వచ్చాక హెలానే మెట్లు దిగివచ్చి ఆమె చేతిలో టీ గ్లాసు పెట్టింది. పక్కనే నిలబడి, మామూలుగా, గోడ వంక చూస్తూ అడిగింది.

"పంతులమ్మా, నీ పనేమైనా మిగిలిందా?"

"ఏం లేదత్తా" అంది షమూని.

హెలానే ఇంకాసేపు నిలబడింది. తరవాత ఖాళీ గ్లాసు తీసుకుని పైకి వెళ్ళిపోయింది.

చివరి రాయి పెట్టే ముందు అబూనా గౌరియే వెనక్కి తిరిగి, పోయినవాడితో ఎవరికైనా చెప్పుకోవలసింది ఉంటే ఇప్పుడే చెప్పండి అన్నాడు. అది తంతులో మాట అనుకుంది షమూని. ఆ సందులోంచి పుస్తకం అంచు కనిపిస్తోంది, ఎలుకలు కొరికిన ఆ మూల. నోరు తెరిచింది. బహీజే వెక్కిళ్ళు వినిపించాయి. నోరు మూసుకుంది. షాబో రాయి ఎత్తి పెట్టి, చేత్తో సున్నం మెత్తాడు.

తరవాతి రోజులు ఆమె మఠంలోనే ఉండిపోయింది. ఫైళ్ళు సర్దుకోవాలి అని చెప్పింది. చెప్పడానికి ఏదో ఒకటి కావాలి కదా. ఫొటోలన్నీ చక్కగా ఉన్నాయి. పై అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. గీకిన ఆకులను తెరమీద పెద్దవి చేసి చూసేది. ఇంకా పెద్దవి చేస్తే అక్షరం పోయి తోలు, తోలు పోయి రంగు గళ్ళు మిగిలేవి. పేరు ఉన్నచోట గళ్ళే. నలభయ్యోరోజున ఉడికించిన గోధుమలు పంచారు. ఆమె అందరికీ వడ్డించి, తను తినలేక గిన్నె పక్కన పెట్టేసింది.

ఈస్టర్ తరవాత ఒక మధ్యాహ్నం దీపం వచ్చింది. చెక్కపెట్టెలో, గడ్డి పొరల మధ్య, చంటిబిడ్డలా. షాబో మోసుకొచ్చి వంటింటి బల్ల మీద పెట్టాడు. హెలానే చేతులు నడుముకు కట్టిన గుడ్డకు తుడుచుకుంటూ, ఇదేంటమ్మా, ఇంకో దీపం దేనికి, పుస్తకం ఏదీ అంది. అంతే. షమూని బల్ల మీద తలపెట్టి భోరుమంది. గీకిన ఆకులు, కింది రాత, ఆ కూతురు, మూడుసార్లు చెప్పిన అబద్ధం, అన్నీ వెళ్ళగక్కింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే అదే.

హెలానే ఆశ్చర్యపోలేదు. అది చూసి షమూని ఏడుపు ఆగిపోయింది. ముసలావిడ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"నువ్వు అబద్ధం చెప్పావని ఆయనకు తెలుసే పిల్లా" అంది.

షమూని కళ్ళు తుడుచుకుంది.

"ఆ సాయంత్రమే చెప్పాడు, మా ముగ్గురికీ. ఆ పిల్ల నా మీద జాలిపడి ముగిసిందంది, రోజూ ఆ చివరి ఆకులు కిటికీ దగ్గర పట్టుకుని కూర్చుంటోంది, దానికింకా పనుంది అన్నాడు. మూడుసార్లు ఎందుకు అడుగుతారనుకున్నావు? మొదటిసారి ఎవరైనా నోరు జారతారు. సర్దుకోడానికి ఇంకో రెండు. నువ్వు సర్దుకోలేదు. రేపు గోడ దగ్గర చెప్తుందిలే, ఆగండి అన్నాడు. అది నోరు విప్పితే పుస్తకం నా ఒళ్ళోంచి తీసిచ్చెయ్యండి, మా గురువు ఇన్నాళ్ళు ఆగాడు, నేనూ ఆగుతాను అన్నాడు."

"మరి నాకు చెప్పలేదేం అత్తా? ఒక్కమాట..."

"ఒట్టు పెట్టించుకున్నాడమ్మా. మనం అడిగించి చెప్పిస్తే అది మన మాట అవుతుంది, లేఖకుడి మాట కాదు అన్నాడు. అయినా నేనడిగాను. టీ ఇచ్చి అడిగాను. నీ పనేమైనా మిగిలిందా అని, ఒట్టు సగం తెంచుకుని మరీ అడిగాను. షాబో ఒక్క గోడకు పొద్దంతా తీసుకున్నాడు. వాడు అంత చేతకాని మేస్త్రీయా?"

బయట చూరు నుంచి మంచు కరిగి చుక్కలు పడుతున్నాయి. షాబో దీపం పెట్టె వంక చూస్తూ గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"ఆకుల కింద ఏదో రాత ఉందని కూడా ఆయనకు తెలుసు" అంది హెలానే, ఇక దాచి ఏం లాభం అన్నట్టు. "చిన్నప్పుడు గురువుకు ఎదురు నిలబడి చదివేవాడు కదా. అటు నుంచి అది తిన్నగా కనిపిస్తుందట. కళ్ళు బాగున్న రోజుల్లో చదివానని ఒకసారి అన్నాడు. పోయినవాళ్ళ కోసం రోజూ చేసే ప్రార్థనలో లోగొంతుకతో ఒక ఆడపేరు కలిపేవాడు. వాళ్ళమ్మ అనుకునేదాన్ని. వాళ్ళమ్మది రెండక్షరాల పేరని మొన్న బహీజే చెప్పింది, ఆయన అనే పేరు అంత చిన్నది కాదు."

"ఏం పేరు అత్తా?"

షమూని ఆ మాట అడగడం చూస్తే రాయికైనా జాలివేసేది. హెలానే తల అడ్డంగా ఊపింది.

"నేనెప్పుడూ సరిగ్గా వినలేదే తల్లీ. నీకు కావాలని నాకేం తెలుసు?"

రెండు చలికాలాలు ఎదురెదురుగా కూర్చున్నారు. ఆమె వెతికే పేరు ఆయన నాలుక మీద ఉంది. తిడతాడేమోనని ఆమె అడగలేదు. ఆమె అడగందే చెప్పాల్సినంత పెద్ద సంగతని ఆయన అనుకోలేదు. ఒకరినొకరు నొప్పించకూడదని ఇద్దరూ ఎంత జాగ్రత్తపడ్డారో, నాకు తలచుకుంటే ఒళ్ళు మండుతుంది. ఆ మంచితనంలో వీసమెత్తు తగ్గించి ఒక్క మాట మాట్లాడుకున్నా సరిపోయేది.

షమూని బిషప్‌గారి దగ్గరికి వెళ్ళింది. జరిగిందంతా ఒక్కటీ దాచకుండా చెప్పింది. ఆయన కోప్పడలేదు, కూర్చోబెట్టి మాట్లాడాడు. ఆ గోడ చనిపోయినవాళ్ళకే తెరుచుకుంటుంది, బతికున్నవాళ్ళకు తెరిస్తే రేపు పోలీసులకూ తెరవాలి, నిధుల దొంగలకూ తెరవాలి అన్నాడు. ఇంకో సన్యాసి కన్నుమూసినప్పుడు చూద్దాం అన్నాడు. సన్యాసినులకు ఆ గోడ తీయరు, ఇంకో సన్యాసి లేడని ఇద్దరికీ తెలుసు.

మఠానికి తిరిగొచ్చి నేలమాళిగలోకి దిగింది. గోడ మీద షాబో మెత్తిన సున్నం ఇంకా పూర్తిగా ఆరలేదు. వసంతంలో అక్కడ చెమ్మ ఊరుతుంది. పై గుడి చప్టా మీది మంచు కరిగి ఏ పగుళ్ళలోంచో లోపలికి దిగుతుంది. చెవి ఆనించి వింది. లోపల ఎక్కడో చుక్క పడుతున్న శబ్దం. తోలుకు నీళ్ళు తగిలితే ఏమవుతుందో ఆమెకంటే బాగా తెలిసినవాళ్ళు ఆ కొండల్లో లేరు. తప్పైంది, క్షమించండి అంది. కలం తరఫున చెప్తానని ఒప్పుకున్న మాట తన తరఫున చెప్పాల్సి వచ్చింది.

వేసవి మొదట్లో గ్రంథాలయం నుంచి సందేశం వచ్చింది. ఫొటోలు అందాయి, చాలా బాగున్నాయి, పని ముగిసినట్టు నమోదు చేసుకోవచ్చా అని అడిగారు. షమూని భోజనాల గదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది. హెలానే రొట్టె విరిచి, ఆమెకొక ముక్క, తనకొక ముక్క పెట్టుకుని, మూడో కుర్చీ ముందు అలవాటుకొద్దీ గ్లాసు పెట్టబోయి తీసేసింది. ఎవరి దగ్గర్నుంచి అని అడిగింది.

"పని ముగిసిందా అని అడుగుతున్నారత్తా."

"ఏం చెప్తున్నావు?"

షమూని ఖాళీ కుర్చీ వంక చూసింది.

"ఇంకా లేదని" అంది.

ఆ మాటే రాసి పంపింది. ఇంకెంతకాలం పడుతుందని వాళ్ళు మళ్ళీ అడిగారు. దానికి ఆమె ఇంతవరకు జవాబు రాయలేదు.